గల్లాపెట్టెలో పొద్దున ఎంత ఉన్నది?

ఒక ఊళ్ళో ఒక షావుకారు ఉండేవాడు. ఆయన కొట్టులో కొత్తగా ఒక గుమాస్తా చేరాడు. కుర్రవాడు చురుకైనవాడు. ఎంత పెద్ద కూడిక ఇచ్చినా తప్పు లేకుండా చేసేవాడు. మొదటిరోజు సాయంత్రం దీపాలు పెట్టేవేళకు షావుకారు కొట్టుకు వచ్చి, "ఇవాళ అమ్మకం ఎంత అబ్బాయ్?" అని అడిగాడు.

గుమాస్తా గల్లాపెట్టె తెరిచి, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, "1,460 రూపాయలండీ!" అన్నాడు.

"బాగున్నది. పొద్దున కొట్టు తెరిచినప్పుడు పెట్టెలో ఎంత ఉన్నది?"

"చూడలేదండీ."

"అయితే నీవు చెప్పినది ఇవాళ్టి అమ్మకం కాదు. నిన్నటి మిగులూ, ఇవాళ్టి అమ్మకమూ కలిసిపోయిన ముద్ద. అందులో ఏది ఎంతో బ్రహ్మదేవుడు కూడా విడదీసి చెప్పలేడు," అన్నాడు షావుకారు.

గుమాస్తా కూడికలో తప్పు లేదు. డబ్బు లెక్కపెట్టటంలోనూ తప్పు లేదు. పని మొదలు పెట్టేటప్పుడు పెట్టెలో ఏమున్నదో తెలుసుకోకపోవటమే తప్పు. పిల్లలూ, కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయటం కొత్తగా నేర్చుకొనేవాళ్ళు తరచుగా చేసే తప్పు కూడా ఇదే. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

డబ్బాకు చీటీ

మీ వంటింట్లో అలమర చూడండి. వరసగా డబ్బాలు ఉంటాయి. అన్నీ ఒకే మాదిరివి అయితే అమ్మ ఒక్కొక్కదాని మీద చీటీ అంటిస్తుంది: కందిపప్పు, మినప్పప్పు, పంచదార, ఉప్పు. చీటీ లేకపోతే కాఫీలో ఉప్పు పడుతుంది!

కంప్యూటరుకు కూడా ఇటువంటి అలమర ఒకటి ఉన్నది. దాన్ని మెమరీ అంటారు. ప్రోగ్రాము పని చేస్తున్నంతసేపూ తనకు కావలసిన అంకెలూ, అక్షరాలూ ఆ మెమరీలో దాచుకుంటుంది. దాచిన చోటుకు మనం ఒక పేరు పెడతాం. పేరు పెట్టిన ఆ చోటునే చలరాశి, అంటే వేరియబుల్ అంటారు.

సీ అనే ప్రోగ్రాము భాషలో మొత్తం మార్కుల కోసం ఒక డబ్బా కావాలంటే ఇలా వ్రాయాలి:

ఇంట్ మొత్తం;

నిజంగా కంప్యూటరులో కొట్టేటప్పుడు 'ఇంట్' అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మనం చదువుకొనేందుకు వీలుగా ఇక్కడ తెలుగులో అచ్చువేస్తున్నాం. ఈ చిన్న వాక్యం కంప్యూటరుకు మూడు సంగతులు చెబుతుంది. నాకొక డబ్బా కావాలి. దాని పేరు 'మొత్తం'. అందులో పూర్ణాంకాలు మాత్రమే పెడతాను. ఇట్లా చెప్పటాన్ని ప్రకటన, లేక డిక్లరేషన్ అంటారు. దశాంశం గల సంఖ్యలు పెట్టదలిస్తే 'ఇంట్' బదులు 'ఫ్లోట్' అనాలి. ఒక్క అక్షరం పెట్టదలిస్తే 'క్యార్' అనాలి.

రకం ముందుగా ఎందుకు చెప్పాలి? ఉప్పు డబ్బాలో బస్తా బియ్యం పట్టవు గదా! ఏ రకం వస్తువో తెలిస్తేనే ఎంత చోటు కేటాయించాలో కంప్యూటరుకు తెలుస్తుంది. చోటు చాలకపోతే ఏమవుతుందో ఒక నిజమైన సంగతి చెబుతాను వినండి.

1996 జూన్ 4న యూరపు దేశాలవారు ఫ్రెంచి గయానా నుంచి ఏరియేన్-5 అనే కొత్త రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. అందులో నాలుగు శాస్త్ర పరిశోధన ఉపగ్రహాలున్నాయి. దిక్కు తెలిపే పరికరంలోని ప్రోగ్రాము అంతకుముందు ఏరియేన్-4 రాకెట్టుకు వ్రాసినది. అందులో ఒకచోట, పెద్ద డబ్బాలో ఉన్న ఒక సంఖ్యను చిన్న డబ్బాలోకి మార్చవలసి ఉన్నది. ఆ చిన్న డబ్బాలో 32,767 కంటే పెద్ద సంఖ్య పట్టదు. పాత రాకెట్టులో ఆ సంఖ్య ఎన్నడూ అంత పెద్దది కాలేదు. కొత్త రాకెట్టు దారి వేరు; వేగం త్వరగా పెరిగింది; సంఖ్య డబ్బాలో పట్టలేదు. పరికరం పని చెయ్యటం మానేసింది. రాకెట్టు దారి తప్పింది. బయలుదేరిన సుమారు 40 సెకండ్లలోనే ఉపగ్రహాలతో సహా ముక్కలైపోయింది. అదృష్టవశాత్తూ అందులో మనుషులెవరూ లేరు.

ఖాళీ డబ్బా అనేది లేదు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "ఇంట్ మొత్తం;" అని వ్రాశాం. పేరు పెట్టాం. రకం చెప్పాం. ఆ డబ్బాలో ఏమున్నది?

"ఏమీ లేదు మాస్టారూ, ఇంకా ఏమీ పెట్టలేదుగా!" అంటారు మీరు. వంటింటి డబ్బా అయితే మీ మాట నిజమే. కంప్యూటరు డబ్బా విషయంలో మాత్రం అది నిజం కాదు. ఎందుకో చూడండి.

మెమరీ అంటే కోటానుకోట్ల చిన్న స్విచ్చులు. ఒక్కొక్క స్విచ్చును బిట్టు అంటారు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. ఇవాళ మనం వాడే చాలా కంప్యూటర్లలో 'ఇంట్' డబ్బాకు 4 బైట్లు, అంటే 32 స్విచ్చులు ఉంటాయి. ప్రతి స్విచ్చూ వేసి అయినా ఉంటుంది, ఆర్పి అయినా ఉంటుంది. మూడో స్థితి లేదు. వేసి ఉంటే 1, ఆర్పి ఉంటే 0. కనక ఆ 32 స్విచ్చులూ ఎప్పుడు చూసినా ఏదో ఒక వరసలో ఉండితీరతాయి. ఏ వరసలో ఉన్నా దానికొక సంఖ్య అర్థం ఉన్నది. అన్నీ ఆర్పి ఉంటే అది సున్న. సున్న కూడా ఒక సంఖ్యే గాని 'ఏమీ లేకపోవటం' కాదు.

అంటే కంప్యూటరు అలమరలో ఖాళీ డబ్బా అనేది ఉండనే ఉండదు! మనం ఏమీ పెట్టకపోతే అందులో ఎవరో విడిచి వెళ్ళినది ఉంటుంది.

ఎవరు విడిచి వెళ్ళినది? తరగతిలో నల్లబల్లను తలచుకోండి. మొదటి గంటలో లెక్కల మాస్టారు వచ్చి, బల్లనిండా లెక్కలు వేసి, తుడవకుండా వెళ్ళిపోయారు. రెండో గంటలో తెలుగు మాస్టారు వచ్చారు. బల్ల ఇప్పుడు ఆయనది. కాని దాని మీద పాత గంట లెక్కలు అలాగే ఉన్నాయి. సీ భాషలో ప్రోగ్రాము లోపల ఒక పని ముగియగానే, ఆ పని వాడుకున్న చోటును తరవాతి పనికి ఇచ్చేస్తారు. మధ్యలో ఎవ్వరూ తుడవరు. కొత్తగా వచ్చినవాడు తుడుచుకోవాలి. ఈ పాత మిగులునే ప్రోగ్రాములు వ్రాసేవాళ్ళు చెత్త విలువ అంటారు.

కనక డబ్బాకు పేరు పెట్టటం వేరు, అందులో తెలిసిన విలువ పెట్టటం వేరు. ఈ రెండో పనిని తొలి విలువ ఇవ్వటం, లేక ఇనిషియలైజేషన్ అంటారు. రెండూ ఒకేసారి కూడా చెయ్యవచ్చు:

ఇంట్ మొత్తం = 0;

చీటీ అంటిస్తూనే డబ్బా కడిగి తుడిచి పెట్టామన్నమాట.

సమానం కాని '='

ముందుకు పోయే లోపల ఈ '=' గుర్తు సంగతి తేల్చుకోవాలి. లేకపోతే బడిలో నేర్చిన లెక్కలు అడ్డు వస్తాయి.

తెలియని సంఖ్యకు పేరు పెట్టటం మన దేశంలో చాలా పాతపని. 1150లో సిద్ధాంత శిరోమణి వ్రాసిన భాస్కరాచార్యులు తన బీజగణితంలో తెలియని రాశులకు 'యావత్తావత్' అనీ, ఇంకా కావలసివస్తే రంగుల పేర్లతో 'కాలకం, నీలకం, పీతకం' అనీ పేర్లు పెట్టి, మొదటి అక్షరాలతో యా, కా, నీ, పీ అని వ్రాశాడు. కాని అక్కడ 'యా' అనేది ఒక దాగి ఉన్న సంఖ్య. లెక్క చేసి దాన్ని కనుక్కోవాలి. కనుక్కునేదాకా అది మారదు. ప్రోగ్రాములో చలరాశి అట్లా కాదు. అది డబ్బా. ఇప్పుడు 5 ఉండవచ్చు, మరుక్షణంలో 12 ఉండవచ్చు.

అందుచేతనే ప్రోగ్రాములో ఇటువంటి వాక్యం కనిపిస్తుంది:

మొత్తం = మొత్తం + 78;

బీజగణితం చదివినవాడు దీన్ని చూసి, "ఇదెట్లా కుదురుతుంది? ఏ సంఖ్యా తనకంటే తాను 78 ఎక్కువ కాదే!" అని తెల్లబోతాడు. ఇక్కడ '=' అంటే సమానం అని కాదు. "కుడివైపు లెక్క ముందు చెయ్యి, వచ్చినది ఎడమవైపు డబ్బాలో పెట్టు" అని ఆజ్ఞ. డబ్బాలో ఉన్నది తీసి, 78 కలిపి, మళ్ళీ అందులోనే పెట్టాలి. ఈ తికమక రాకూడదనే 1970లో వచ్చిన పాస్కల్ భాషలో దీనికి ':=' అని వేరే గుర్తు పెట్టారు. సీ, జావా, పైథాన్ భాషల్లో మాత్రం '=' గుర్తే వాడతారు.

ఆ వాక్యాన్ని మరొకసారి చూడండి. కుడివైపున కూడా 'మొత్తం' ఉన్నది. అంటే కలిపే ముందు కంప్యూటరు డబ్బాలోకి తొంగి చూస్తుంది. అక్కడ చెత్త ఉంటే చెత్తకే 78 కలుపుతుంది. అడగదు, ఆలోచించదు.

507 ఎందుకు వచ్చింది?

ఒక విద్యార్థినికి ఆరు పాఠాల్లో వచ్చిన మార్కులు ఇవి: తెలుగు 78, హిందీ 65, ఇంగ్లీషు 71, లెక్కలు 92, సైన్సు 84, సాంఘికం 80. వీటిని వరసగా 'మొత్తం' డబ్బాలో కలుపుతూ పోదాం. తొలి విలువ 0 అయితే డబ్బాలో విలువ ఇలా మారుతుంది:

0, 78, 143, 214, 306, 390, 470.

600కు 470. సరిగ్గా ఉన్నది.

తొలి విలువ ఇవ్వటం మరిచిపోయామనుకుందాం. డబ్బాలో పాత చెత్త 32,767 ఉన్నదనుకోండి. మొత్తం 33,237 వస్తుంది. 600 మార్కుల పరీక్షలో 33,237 ఏమిటని ఎవరైనా నవ్వుతారు. తప్పు వెంటనే బయటపడుతుంది. ఇది నయం.

కాని ఆ చెత్త 37 మాత్రమే అయితే? మొత్తం 507 వస్తుంది. ఎవ్వరికీ అనుమానం రాదు. 507 వచ్చిన పిల్లకు మొదటి బహుమతి ఇచ్చేస్తారు. నిజంగా 495 వచ్చిన పిల్ల చప్పట్లు కొట్టి ఇంటికి పోతుంది. చూశారా! పెద్ద అబద్ధం తనంతట తానే పట్టుబడుతుంది. నిజంలా కనిపించే చిన్న అబద్ధమే ప్రమాదం.

ఇంకొక చిక్కున్నది. ఒక్కొక్కప్పుడు ఆ చోట దైవికంగా 0 ఉంటుంది. అప్పుడు జవాబు సరిగ్గానే వస్తుంది. ప్రోగ్రాము వ్రాసినవాడు సంతోషించి ఊరుకుంటాడు. వారం తరవాత మరెక్కడో ఒక పంక్తి చేరుస్తాడు. దానితో డబ్బాల చోట్లు మారుతాయి, జవాబు తప్పుతుంది. "నిన్నటిదాకా బాగానే వచ్చింది గదా!" అని తల గోక్కుంటాడు. నిన్న వచ్చినది సరైన ప్రోగ్రాము వల్ల కాదు, అదృష్టం వల్ల. లెక్కలో అదృష్టాన్ని నమ్ముకోకూడదు.

సరే, 0 పెట్టటం గుర్తున్నది. ఎక్కడ పెట్టాలి? ఇదీ ముఖ్యమే. తరగతిలో నలభైమంది పిల్లల మొత్తాలు వరసగా కట్టాలి. మొదట్లో ఒక్కసారి 0 పెట్టి ఊరుకుంటే, మొదటి పిల్లకు 470 సరిగ్గా వస్తుంది. రెండో పిల్లవాడికి నిజంగా 430 వచ్చినా, అతని మార్కులు ఆ 470 మీదనే పోగుపడి 900 అవుతాయి. 600కు 900! కనక ఒక్కొక్క విద్యార్థి లెక్క మొదలు పెట్టేటప్పుడల్లా మళ్ళీ 0 పెట్టాలి. కాని తరగతి అంతటికీ కలిపి ఒక మొత్తం కావాలంటే, ఆ రెండో డబ్బాకు మొదట్లో ఒక్కసారే 0 పెట్టాలి. మధ్యలో పెట్టారా, అంతవరకూ కట్టిన లెక్క గంగలో కలుస్తుంది. ఏ డబ్బా ఎప్పుడు కడగాలో తెలుసుకోవటమే ఇందులో సగం విద్య.

ఎవరు తుడుస్తారు?

"కంప్యూటరే అన్ని డబ్బాలూ తుడిచి ఇవ్వకూడదా?" అని మీకు తోచవచ్చు. మంచి ప్రశ్నే.

సీ భాషను 1970 దశాబ్దం తొలి సంవత్సరాల్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ తయారుచేశాడు. అప్పటి కంప్యూటర్లకు వేగమూ తక్కువ, మెమరీ కూడా తక్కువ. ప్రతి డబ్బా తుడవాలంటే కొంత సమయం ఖర్చవుతుంది. వెంటనే విలువ పెట్టబోతున్న డబ్బాను ముందు తుడవటం దండగ గదా! అందుచేత ఒక పని మధ్యలో పుట్టే డబ్బాలను తుడిచే బాధ్యత వ్రాసేవాడికే వదిలారు. ప్రోగ్రాము అంతటికీ ఉమ్మడిగా, ఏ పనికీ చెందకుండా బయట ప్రకటించిన డబ్బాలకు మాత్రం సీ భాషే మొదట 0 పెడుతుంది.

1995లో వచ్చిన జావా భాష కఠినమైన మాస్టారు వంటిది. ఒక పని లోపల పుట్టిన డబ్బాకు విలువ ఇవ్వకుండా వాడబోతే, ఆ ప్రోగ్రామును నడపటానికే ఒప్పుకోదు. "ముందు విలువ పెట్టి రా" అని తిప్పి పంపుతుంది.

1991లో వచ్చిన పైథాన్ దారి వేరు. అందులో ప్రకటన అంటూ విడిగా లేదు. మొదటిసారి విలువ పెట్టినప్పుడే పేరు పుడుతుంది. విలువ పెట్టకుండా 'మొత్తం' అంటే, "ఈ పేరు నాకు తెలియదు" అని ఆగిపోతుంది. ఇంకొక ముచ్చటైన సంగతి: 2008లో వచ్చిన పైథాన్ 3 మొదలుకొని ఈ పేర్లను తెలుగు అక్షరాల్లోనే వ్రాయవచ్చు. 'మార్కులు = 0' అని తెలుగులో కొడితే పైథాన్ నిరభ్యంతరంగా ఒప్పుకుంటుంది.

అన్నిటికీ సున్న పనికిరాదు

"అయితే ప్రతి డబ్బాలోనూ 0 పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది" అనుకుంటున్నారా? తొందరపడకండి.

1 నుంచి 5 వరకు ఉన్న సంఖ్యలను ఒకదానితో ఒకటి గుణించాలి. డబ్బాలో 0 పెట్టి మొదలు పెడితే, సున్నను దేనితో గుణించినా సున్నే. చివరికి 0 వస్తుంది. ఇక్కడ తొలి విలువ 1 కావాలి. అప్పుడు 1, 2, 6, 24, 120 అని సరిగ్గా వస్తుంది.

ఇంకొకటి. లదాఖ్‌లోని లేహ్‌లో చలికాలపు రాత్రుల్లో చలి సున్న డిగ్రీల కంటే దిగువకు పోతుంది. మూడు రాత్రుల ఉష్ణోగ్రతలు −12, −7, −15 అనుకుందాం. వీటిలో ఎక్కువైనది ఏది? 'ఎక్కువ' అనే డబ్బాలో 0 పెట్టి, దానికంటే పెద్దది వస్తే మారుద్దామనుకుంటే, ఏదీ సున్న కంటే పెద్దది కాదు. జవాబు 0 అని వస్తుంది. ఆ మూడింట్లో సున్న లేనే లేదు! ఇక్కడ మొదటి రాత్రి విలువ −12నే తొలి విలువగా పెట్టాలి. అప్పుడు −7 అని సరైన జవాబు వస్తుంది.

పరీక్షకు రాని పిల్లవాడి సంగతి ఏమిటి? మార్కుల రిజిస్టరులో మాస్టార్లు అతని పేరు ఎదుట 0 వెయ్యరు. 'రాలేదు' అని గుర్తు వేస్తారు. సున్న వచ్చినవాడు వేరు, రానివాడు వేరు. ఒక పిల్లవాడికి మొదటి పరీక్షలో 60, రెండోదానిలో 80 వచ్చి, జ్వరం వల్ల మూడోదానికి రాలేదనుకోండి. వ్రాసిన పరీక్షల సగటు 70. రానిచోట 0 వేస్తే సగటు 47 లోపు పడిపోతుంది. జ్వరం వచ్చిన పాపానికి పిల్లవాడు మొద్దు అయిపోతాడు! ఇటువంటి అవసరం కోసమే పైథాన్‌లో 'నన్' అనే ప్రత్యేకమైన గుర్తు ఉన్నది. 'ఇంకా ఏమీ లేదు' అని దాని అర్థం.

కాబట్టి తొలి విలువ అలవాటుగా పెట్టేది కాదు. ఆలోచించి పెట్టేది.

చెప్పకుండా పుట్టిన డబ్బా

ఇక ప్రకటన విషయం ఒకటి మిగిలింది. డబ్బాలన్నీ ముందుగా ప్రకటించాలని కొన్ని భాషలు ఎందుకు పట్టుబడతాయి?

1957లో ఐ.బి.ఎం. కంపెనీలో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే భాషను విడుదల చేసింది. అందులో పేరును ముందుగా ప్రకటించనక్కరలేదు. కొత్త పేరు కనిపిస్తే చాలు, ఆ భాష తానే ఒక డబ్బా తెచ్చి పెట్టేది. పైగా మాటల మధ్య ఉండే ఖాళీలను అది లెక్కపెట్టేది కాదు. వాడేవాళ్ళకు ఇది సుఖంగానే ఉండేది. కాని ఈ సుఖం ఒకసారి ఏం చేసిందో చూడండి.

అమెరికాలో నాసా సంస్థ మనుషులను అంతరిక్షంలోకి పంపేందుకు మెర్క్యురీ పథకం నడుపుతున్న రోజులవి. 1961లో రెండు చిన్న యాత్రలు జరిగాయి. కక్ష్య లెక్కలు కట్టే ఒక ప్రోగ్రాములో, "ఈ పని 1 నుంచి 10 దాకా పదిసార్లు చెయ్యి" అని చెప్పవలసి ఉన్నది. ఆ వాక్యం ఇలా ఉండాలి:

డూ 10 ఐ = 1,10

ఎవరో కామా బదులు చుక్క పెట్టారు:

డూ 10 ఐ = 1.10

అంతే! ఖాళీలు లెక్కలేదు గనక ఫోర్ట్రాన్ దీన్ని 'డూ10ఐ' అనే కొత్త డబ్బాగా అనుకున్నది. అందులో 1.10 అనే దశాంశ సంఖ్య పెట్టింది. పదిసార్లు జరగవలసిన పని ఒక్కసారే జరిగింది. అక్కడ పనిచేసిన ఒక ప్రోగ్రామరు తరవాత చెప్పిన సంగతి ఇది: చిన్న యాత్రలకు ఆ లెక్క చాలినంత సరిగ్గానే కనిపించింది, సూక్ష్మంగా చూస్తే కొద్దిపాటి తేడా వస్తున్నది. ఆ తేడా ఎందుకా అని వెతికితే చుక్క దొరికింది. ఎవరికీ అపాయం కలగకముందే దిద్దారు.

కొత్త పేర్లన్నీ ముందుగా చెప్పాలనే నియమం ఉంటే, 'డూ10ఐ' అనే పేరు చూడగానే యంత్రమే "ఇదెవరు?" అని అడిగి ఉండేది. తరవాతి కాలపు ఫోర్ట్రాన్‌లో అటువంటి నియమం పెట్టుకొనే వీలు కల్పించారు. హాజరు పట్టీ ఉంటేనే గదా, తరగతిలో పరాయి పిల్లవాడు కూర్చుంటే తెలిసేది! పైథాన్‌లో కూడా ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. 'మొత్తం' అని మొదలు పెట్టి, తరవాత విలువ మార్చేచోట 'మొత్తము' అని వ్రాస్తే, అది కోప్పడదు. చప్పుడు చెయ్యకుండా రెండో డబ్బా తెచ్చి పెడుతుంది. మీరు ఒక డబ్బాలో పోస్తూ, ఇంకొక డబ్బాలోంచి తీస్తుంటారు.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులారా, ఈ పాఠానికి ఇంట్లో కంప్యూటరు ఉండనక్కరలేదు. నాలుగు ఖాళీ అగ్గిపెట్టెలూ, కొన్ని చీటీలూ చాలు. పెట్టె మీద పేరు వ్రాయించండి. ఏదో ఒక అంకె గల చీటీని పిల్లలు చూడకుండా ముందే లోపల పెట్టండి. తరవాత వాళ్ళచేత ప్రోగ్రాము ఒక్కొక్క పంక్తి చదివిస్తూ, పెట్టెలో చీటీ మార్పించండి. తొలి విలువ పెట్టటం మరిచిన పిల్లవాడికి తన తప్పు తన చేతిలోనే కనబడుతుంది. "నీవు తప్పు చేశావు" అని మీరు చెప్పనవసరం లేదు. "మొదట పెట్టెలో ఏమున్నది?" అని అడిగితే చాలు.

మీరు చెయ్యండి

1. 'అ' పెట్టెలో 7, 'ఆ' పెట్టెలో 4 ఉన్నాయి. తరవాత వరసగా ఈ రెండు వాక్యాలు వచ్చాయి:

అ = ఆ;
ఆ = అ;

ఇప్పుడు ఏ పెట్టెలో ఎంత ఉన్నది? రెండు పెట్టెల్లోని విలువలు నిజంగా తారుమారు కావాలంటే ఏం చెయ్యాలి? రెండు గ్లాసుల్లో పాలూ, మజ్జిగా ఉంటే వాటిని మార్చటానికి మీరేం చేస్తారో ఆలోచించండి.

2. మీ తరగతిలో అందరికంటే పొట్టివాడి ఎత్తు కనుక్కోవాలి. 'తక్కువ' అనే డబ్బాలో తొలి విలువగా 0 పెడితే జవాబు ఏమి వస్తుంది? ఏది పెడితే సరిపోతుంది?

3. మీ ఇంట్లో పాల లెక్క వ్రాసే కాగితం తీసుకోండి. అందులో నెలనెలా మళ్ళీ సున్నతో మొదలయ్యేది ఏది? పోయిన నెల నుంచి తెచ్చుకొనేది ఏది?

జవాబులు వచ్చే నెల చూసుకుందాం. ఈలోగా కాగితం మీద ప్రోగ్రాము వ్రాసినప్పుడల్లా, ప్రతి డబ్బా పేరు కింద ఒక గీత గీసి, దాని పక్కన తొలి విలువ వ్రాయండి. గీత పక్కన ఏమీ లేని పేరు ఒక్కటి కనిపించినా, ప్రోగ్రాము ఇంకా పూర్తి కాలేదన్నమాట.